నాన్న, గాజు ప్లేట్లు, ఎన్‌జీసీ 1300

2005 జనవరి. నేను డిగ్రీలో ఉన్నా అప్పుడు. అమీర్‌పేట్‌లో మా ఇంటి సందు చివర ఒక నెట్ సెంటర్ ఉండేది, చెక్క క్యాబిన్లు, ఒక్కో క్యాబిన్‌లో ఒక బుడ్డ ఫ్యాన్. అక్కడ హబుల్ టెలిస్కోప్ వాళ్లు అప్పుడే బయటపెట్టిన ఒక ఫోటో ఓపెన్ చేశాను. పైనుంచి కిందికి చారలు చారలుగా లోడ్ అవుతూ వచ్చింది, ముందు నల్లటి ఆకాశం, తర్వాత ఒక నీలం వంపు, ఆ వంపు కిందికి దిగి దిగి ఒక తిన్నని పసుపు కడ్డీకి తగులుకుంది, కడ్డీ మధ్యలో బంగారు రంగు ముద్ద, కడ్డీ ఇంకో చివర నుంచి ఇంకో వంపు అటువైపు చుట్టుకుంటూ పోయింది. దీపావళికి భూచక్రం తిరుగుతుంది కదా, దానికి బదులు ఒక పుల్లకి రెండు కొసలా నిప్పు అంటించి గిర్రున తిప్పితే ఎలా ఉంటుందో అలా ఉంది. పేరు ఎన్‌జీసీ 1300. బార్డ్ స్పైరల్ గెలాక్సీ, అంటే మధ్యలో కడ్డీ, కడ్డీ కొసల నుంచి వంపులు ఉన్న నక్షత్రాల మహా గుంపు. ఆ పేరు తర్వాత నా పాస్‌వర్డ్‌లో కూడా చాలా ఏళ్లు ఉంది (ఇప్పుడు లేదు, మార్చేశాను).

మా నాన్న ఫోటో స్టూడియోలో పనిచేసేవాడు. ముప్పై ఏళ్లు డార్క్‌రూమ్ పని, నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో టచింగ్ చేసే పని. మొటిమలు, ముడతలు, కళ్ల కింద నలుపు, పెళ్లిచూపుల ఫోటోలు ఎన్ని ఆయన చేతిమీదుగా పోయాయో లెక్కలేదు. ఆ గెలాక్సీ ఫోటో సీడీలో రాయించి తీసుకెళ్లి ఇస్తే కలర్ ల్యాబ్‌లో పెద్దగా ప్రింట్ వేయించుకొచ్చాడు. గోడకి అంటించే ముందు చాలాసేపు దగ్గరగా పెట్టుకుని చూసి ఒకటే అడిగాడు: "ఎంతసేపు ఎక్స్‌పోజ్ చేసిండ్రు బిడ్డా దీన్ని?" నాకు తెలీదన్నాను. ఇంట్లో మిగతా అందరూ ఎంత దూరం అని అడిగారు, ఆయన ఒక్కడే ఎక్స్‌పోజర్, అంటే వెలుగుని ఎంతసేపు పడనిచ్చారు అని అడిగాడు. అది నాకు బాగా గుర్తుండిపోయింది.

దూరం సంగతి చెప్తాను. 6 కోట్ల కాంతి సంవత్సరాలకి పైనే, కొన్ని లెక్కల్లో 7 కోట్లకి దగ్గర (కాంతి సంవత్సరం అంటే వెలుగు ఒక ఏడాదిలో పోయే దూరం). ఈ చివర నుంచి ఆ చివరకి లక్ష కాంతి సంవత్సరాలు దాటి, అంటే దాదాపు మన పాలపుంత సైజు. 1835లో జాన్ హెర్షెల్ దీన్ని కనిపెట్టాడు. ఇంగ్లండ్ నుంచి కనపడని దక్షిణ ఆకాశాన్ని చూడాలని కుటుంబంతో సహా దక్షిణాఫ్రికా కేప్‌కి వెళ్లి 1834 నుంచి 1838 దాకా అక్కడే ఉండి రాత్రుళ్లు ఆకాశాన్ని వరసగా జల్లెడ పట్టాడు ఆయన. ఆయన టెలిస్కోప్ అద్దం 18 అంగుళాలు. అందులో ఈ కడ్డీ, వంపులు అన్నీ తేటగా కనపడే అవకాశం లేదు, ఒక మసక మచ్చ కింద రాసుకుని ఉంటాడు.

ఈ కడ్డీ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే నాకు ఇన్నేళ్లూ ఈ గెలాక్సీ మీద మోజు పోకపోవడానికి కారణం అదే. స్పైరల్ గెలాక్సీల్లో మూడింట రెండు వంతుల వాటికి ఏదో ఒక సైజు కడ్డీ ఉంటుంది. మన పాలపుంతకి కూడా ఉంది, స్పిట్జర్ టెలిస్కోప్‌తో ఇన్‌ఫ్రారెడ్‌లో (కంటికి కనపడని వెలుగులో) చూసి అది దాదాపు 27,000 కాంతి సంవత్సరాల పొడుగు ఉంటుందని లెక్క తేల్చింది కూడా ఆ 2005లోనే. కానీ మనం లోపల కూర్చుని ఉన్నాం, ఇంట్లో కూర్చున్నవాడికి ఇంటి ఎలివేషన్ కనపడదు. ఎన్‌జీసీ 1300ని అయితే బయట నుంచి చూడొచ్చు, పైగా అది మనవైపు చక్కగా తిరిగి ఉంది. అంత పద్ధతిగా, అంత పొడుగ్గా కడ్డీ ఉన్న గెలాక్సీ దగ్గర్లో దొరకడం కష్టం, అందుకే బార్డ్ స్పైరల్ అంటే చాలా పుస్తకాల్లో ఉదాహరణగా దీన్నే వేస్తారు.

కడ్డీ అంటే గట్టి వస్తువేమీ కాదు. నక్షత్రాలు సాగదీసిన కోడిగుడ్డు దారుల్లో తిరుగుతూ తిరుగుతూ అన్నీ కలిసి ఆ ఆకారం కడతాయి. పంజాగుట్ట చౌరస్తాలో సాయంత్రం ట్రాఫిక్ జామ్ ఉంటుంది చూడండి, జామ్ అక్కడే ఉంటుంది, బండ్లు మాత్రం మారిపోతూ ఉంటాయి. గెలాక్సీ వంపులు కూడా చాలావరకు అలాంటివే. ఇక గ్యాస్ సంగతి వేరు. గ్యాస్ ఒకదాన్నొకటి గుద్దుకుంటుంది, వేగం పోగొట్టుకుంటుంది, కడ్డీ దాన్ని లోపలికి లాగి గెలాక్సీ నడుమకి తోలుతుంది. ఆ దారే మనకి ఫోటోలో కడ్డీ పొడుగునా కాటుక గీతల్లా కనపడే నల్లటి దుమ్ము చారలు. అలా లోపలికి పోయిన సరుకు నడుమలో ఇంకో చిన్న స్పైరల్ కట్టింది! 3,300 కాంతి సంవత్సరాల వెడల్పు, పెద్ద గెలాక్సీ కడుపులో బుడ్డ గెలాక్సీ. దాని మధ్యలో బ్లాక్‌హోల్, బరువు సుమారు 7 కోట్ల సూర్యుళ్లు. కానీ అది ఇప్పుడు పెద్దగా తింటున్న గుర్తులు లేవు, చప్పుడు లేకుండా ఉంది.

ఇంకో విచిత్రం. కడ్డీ పొడుగునా అంత గ్యాస్ ఉన్నా అక్కడ కొత్త నక్షత్రాలు పుట్టడం చాలా తక్కువ. కడ్డీ కొసల దగ్గరకి రాగానే మాత్రం గులాబీ రంగు గుత్తులు గుత్తులుగా పుట్టేస్తున్నాయి. కడ్డీలో గ్యాస్ మేఘాలు మరీ జోరుగా పరిగెడుతూ గుద్దుకుంటాయి, ముద్దకట్టి నక్షత్రం అయ్యే టైమ్ దొరకదు అనేది ఒక వివరణ. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) మీద ఎవరూ ఆగి చాయ్ తాగరు కదా, ఎగ్జిట్ దిగాకే బండ్లన్నీ ఆగుతాయి, హోటళ్లన్నీ అక్కడే ఉంటాయి. నేను నాన్నకి ఇలాగే చెప్పాను, ఆయనకి వెంటనే ఎక్కింది.

సరే. ఇప్పుడు అసలు సంగతి.

2020 లాక్‌డౌన్‌లో ఒక రాత్రి ఏదో చదువుతూ ఉంటే టైకో-2 అనే నక్షత్రాల కేటలాగ్ దగ్గరకి వచ్చాను. 2000లో వచ్చింది, 25 లక్షల నక్షత్రాలు, ఒక్కో నక్షత్రం ఎటు ఎంత జరుగుతోందో కూడా అందులో ఉంటుంది. జరగడం తెలియాలంటే పాత ఫోటో కావాలి కదా, ఆ పాత ఫోటోలు ఎక్కడివి అని చూస్తే, 1887లో పారిస్‌లో శాస్త్రవేత్తలంతా కూడి ఆకాశం మొత్తాన్ని గాజు ప్లేట్ల మీద ఫోటో తీద్దామని నిర్ణయించుకుని తలా ఒక పట్టీ పంచుకున్న పెద్ద పని అది, ప్రపంచం మొత్తమ్మీద ఇరవై దాకా అబ్జర్వేటరీలు చేశాయి. ఆ పట్టీల లిస్టులో హైదరాబాద్ పేరు ఉంది. మైనస్ 17 డిగ్రీల నుంచి మైనస్ 23 డిగ్రీల దాకా (భూమి మీద అక్షాంశాల్లాగే ఆకాశానికీ డిగ్రీలుంటాయి, మైనస్ అంటే దక్షిణం వైపు). మొదట అది చిలీలోని శాంటియాగో వాళ్ల వాటా, వాళ్లవల్ల కాకపోతే మన దగ్గరికి వచ్చింది.

ఎన్‌జీసీ 1300 ఉండేది మైనస్ 19 డిగ్రీల దగ్గర.

ఒక్కసారి లేచి కూర్చున్నాను. పదిహేనేళ్లుగా నా గోడ మీద ఉన్న గెలాక్సీ, మా ఊరివాళ్లు ఫోటో తీసిన పట్టీలో ఉంది! మా ఇంటికి మూడు బస్‌స్టాపుల దూరంలో. బేగంపేట్‌లో గ్రీన్‌ల్యాండ్స్ దగ్గర సెస్ (ఆర్థిక, సామాజిక అధ్యయనాల సంస్థ) క్యాంపస్ ఉంటుంది, అది నిజామియా అబ్జర్వేటరీ స్థలం, పాత గుమ్మటాలు అక్కడే ఉన్నాయి. చిన్నప్పుడు బస్సులో అటు పోతూ అదేదో సమాధి అనుకునేదాన్ని. నవాబ్ జఫర్ జంగ్ అనే ఆయన సొంత డబ్బుతో ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల టెలిస్కోప్ తెప్పించి 1901లో ముందు ఫిసల్‌బండలో మొదలుపెట్టాడు, ఆయన 1907లో పోయాక నిజాం ప్రభుత్వం తీసుకుంది, తర్వాత బేగంపేట్‌కి మారింది, 1919లో ఉస్మానియా యూనివర్సిటీ కిందికి వచ్చింది. ఫోటోలకి వేరే 8 అంగుళాల టెలిస్కోప్. అబ్జర్వేటరీని నడిపింది చాట్‌వుడ్, ఆయన తర్వాత పోకాక్, ఆయన తర్వాత టి.పి. భాస్కరన్. 1914 నుంచి 1929 దాకా మన పట్టీ ప్లేట్లు తీస్తూ పోయారు. పదిహేనేళ్లు! మొదటి ప్రపంచ యుద్ధం మొదలై అయిపోయింది, 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చి పోయింది, వీళ్లు బేగంపేట్‌లో రాత్రిపూట షట్టర్ తెరుస్తూ మూస్తూ ఉన్నారు. అక్కడే అసిస్టెంట్‌గా పనిచేసిన ఒకాయన కొడుకే వేణు బప్పు, హైదరాబాద్‌లో చదువుకుని తర్వాత తమిళనాడు కావలూరులో ఇంత పెద్ద అబ్జర్వేటరీ పెట్టించిన ఆయన. ఇంత చరిత్ర మన ఊళ్లో ఉందని మన స్కూలు పుస్తకాల్లో ఒక్క పేరా అయినా ఉంటే ఎంత బాగుండేది. నాకు నిజంగా బాధేస్తుంది.

పొద్దున్నే నాన్నకి చెప్పాను. గెలాక్సీ మాట పక్కనపెట్టి ఆయన గాజు ప్లేట్ల గురించి అడగడం మొదలుపెట్టాడు. ఆయన పనిలో చేరినప్పుడు ముసలి సేట్ దగ్గర పాత గాజు నెగటివ్‌లు డబ్బాల్లో ఉండేవట. "గాజు ప్లేటంటే ఎంత జాగ్రత్త తెల్సా, గోరు తాకినా ఎమల్షన్ లేస్తది, ఎండకాలం డెవలపర్ వేడెక్కితే మొత్తం పొరే జారిపోతది. గప్పుడు ఏసీ యాడిది, బర్ఫ్ గడ్డలు పెట్టి చల్లగ చేసుకోవాలె" అన్నాడు. ప్లేట్ మీద అయిదేసి మిల్లీమీటర్లకి గళ్లు ముద్రించి, మైక్రోస్కోప్ పెట్టి ఒక్కో నక్షత్రం ఏ గడిలో ఎక్కడుందో చేత్తో కొలిచి రాసేవాళ్లు అని చెప్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "కండ్లు పోతయ్ బిడ్డా గా పని చేస్తే" అన్నాడు. తన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఆ ప్లేట్ల మీద 1 మిల్లీమీటర్ అంటే ఆకాశంలో 1 ఆర్క్ నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు), అందరికీ అదే స్కేలు పెట్టారు. ఎన్‌జీసీ 1300 పొడుగు 6 ఆర్క్ నిమిషాలు. అంటే ఆ చోటు ఉన్న ప్లేట్ మీద లక్ష కాంతి సంవత్సరాల గెలాక్సీకి దక్కేది 6 మిల్లీమీటర్లు, ఒక బియ్యం గింజంత జాగా. నాన్న బియ్యం డబ్బాలోంచి ఒక గింజ తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు.

ఇంక దాన్ని కంటితో చూడాల్సిందే అనిపించింది. సిటీలో కుదరదు. దాని వెలుగంతా పది చిల్లర మ్యాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ మసక), అది కూడా పరుచుకుని ఉంటుంది, అమీర్‌పేట్ లైట్లలో చందమామ కూడా పల్చబడినట్టు ఉంటుంది, ఇదెక్కడ కనపడుతుంది. (బేగంపేట్ చుట్టూ లైట్లు పెరిగాకే యూనివర్సిటీ వాళ్లు ఊరికి దూరంగా జాపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోప్ పెట్టుకున్నారు, 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం అక్కడి నుంచే చూశారు.) మా ఆఫీసులో ఒక తమ్ముడి దగ్గర 8 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్ ఉంది, వాళ్ల మేనమామ చేను వికారాబాద్ దాటాక అనంతగిరి గుట్టల పక్కన. 2022 డిసెంబర్ 24, శనివారం, అమావాస్య మర్నాడు. టెలిస్కోప్ ట్యూబ్ వెనక సీట్లో పడుకోబెట్టి దానికి సీట్ బెల్ట్ పెట్టాం, నాన్న మఫ్లర్, మంకీ క్యాప్, ఫ్లాస్క్‌తో రెడీ. అమ్మ పులిహోర కట్టిచ్చింది.

చలి గట్టిగా ఉంది. మార్స్ ఆ నెలలోనే భూమికి దగ్గరగా వచ్చింది, ఎర్రగా నిప్పుకణికలా పైన వెలుగుతోంది. ఓరియన్ అనే వేటగాడి ఆకారపు నక్షత్రాల గుంపు తూర్పున లేచింది. మృగశిర కార్తె అంటే మనకి నాంపల్లిలో చేప ప్రసాదం గుర్తొస్తుంది కదా, ఆ మృగశిర ఈ ఓరియన్ తల దగ్గర ఉండే నక్షత్రమే, నాన్నకి చూపిస్తే "గిదా మృగశిర!" అని మురిసిపోయాడు. ఓరియన్ కాలి దగ్గర రైజెల్ నక్షత్రం, దాని పక్క నుంచే ఎరిడానస్ అనే ఇంకో నక్షత్రాల గుంపు మొదలవుతుంది, ఎన్‌జీసీ 1300 ఉండేది అందులోనే. ఎరిడానస్ అంటే గ్రీకుల కథల్లో నది. మసక నక్షత్రాల వరస మెలికలు తిరుగుతూ దక్షిణానికి పారి అకర్నార్ అనే నక్షత్రం దగ్గర ఆగుతుంది. మూసీ పుట్టేది ఈ అనంతగిరి గుట్టల్లోనే. మేం నిలబడ్డ చోటికి దగ్గర్లోనే ఎక్కడో సన్నగా మొదలై పురానాపూల్ కిందికి వచ్చేసరికి ఏమవుతుందో మనందరికీ తెలుసు. ఆ రాత్రి మాత్రం పైన నది ఒక్కటే కనపడుతోంది, మురికి లేకుండా.

కాళ్ల కింద ఎర్రమట్టి. ఆ మట్టి డెక్కన్ లావా రాయి ఏళ్ల తరబడి అరిగి అయింది. ఆ లావా పొంగింది 6.6 కోట్ల ఏళ్ల కింద, డైనోసార్లు అంతరించిన రోజుల్లో. ఆ గెలాక్సీ నుంచి వెలుగు బయల్దేరింది కూడా ఇంచుమించు ఆ కాలంలోనే. ఇది తమ్ముడు చెప్పాడు, నాకు తట్టలేదు. చెప్పాక కాసేపు కింద మట్టిని చూశాను.

తొమ్మిదిన్నరకి ఎన్‌జీసీ 1300 దక్షిణాన బాగా పైకి వస్తుంది, దిగంతం నుంచి 53 డిగ్రీలు. దారి తేలికే: టౌ-4 ఎరిడానీ అనే నక్షత్రం కంటికి కనపడుతుంది, అక్కడి నుంచి నిట్టనిలువుగా ఉత్తరానికి రెండు డిగ్రీల చిల్లర. తేలికే అన్నాను కానీ నలభై నిమిషాలు పట్టింది. తమ్ముడు ఎన్నిసార్లు "అక్కా దొరికింది" అన్నాడో, చూస్తే ఏమీ లేదు. చివరికి నేను ఓరకంట చూడటం మొదలుపెట్టాను. సూటిగా చూస్తే మాయమైపోతుంది, కన్ను పక్కకి తిప్పి ఓరగా చూస్తే తేలుతుంది, కంటి మధ్యభాగానికి చీకట్లో చూపు తక్కువ కాబట్టి. తేలింది. బియ్యం కడిగిన నీళ్ల చుక్క నల్లగుడ్డ మీద పడి ఆరితే ఎలా ఉంటుందో అంత మసక. కొంచెం సాగి ఉంది. మధ్యలో పిసరంత చిక్కదనం. వంపుల్లేవు, కాటుక గీతల్లేవు, గులాబీ గుత్తుల్లేవు. అయినా నాకు ఏడుపొచ్చింది. పద్దెనిమిదేళ్లు గోడ మీద చూసిన మొహాన్ని మొదటిసారి ఎదురుగా చూడటం అది.

నాన్న స్టూలు మీద కూర్చుని కన్ను పెట్టాడు. "ఏం కనవడుతలేదు బిడ్డా" అన్నాడు. ఓరగా చూడమన్నాను. ఆయన ఏమీ అనకుండా మఫ్లర్ తీసి తల మీంచి కప్పుకుని, ఐపీస్ (కన్ను పెట్టే గొట్టం) చుట్టూ గుడ్డ కప్పేసి, పాత స్టాండు కెమెరా వెనక నల్లగుడ్డలో దూరినట్టు దూరిపోయాడు. అయిదు నిమిషాలు కదల్లేదు. నేనూ తమ్ముడూ ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకుంటున్నాం, పడుకున్నాడేమో అని. అప్పుడు గుడ్డ లోపల నుంచి మెల్లగా వినపడింది: "అండర్ ఎక్స్‌పోజ్ అయింది గని, ఉన్నది. ఉన్నది. పొడుగ్గ ఉన్నది." తర్వాత మేమిద్దరం కూడా ఆయనలాగే గుడ్డ కప్పుకుని చూశాం, చాలా నయంగా కనపడింది.

రెండు నెలలయ్యాక ఒక వార్త చదివాను. ఎన్‌జీసీ 1300లో ఒక పెద్ద నక్షత్రం పేలింది, ఎస్ఎన్ 2022ఏసీకేఓ అని పేరు పెట్టారు. కనిపెట్టింది 2022 డిసెంబర్ 6న. మేం వెళ్లింది 24న! అలాంటి సూపర్‌నోవాలు కొన్ని నెలలు వెలుగుతాయి. మేం చూసిన ఆ చుక్కలో అది ఉంది, 8 అంగుళాల టెలిస్కోప్‌లో విడిగా చుక్కలా కనపడేంత వెలుగు లేదు, అంతే తేడా. తమ్ముడు తెగ బాధపడ్డాడు, ముందే తెలిస్తే ఇంకా పెద్ద టెలిస్కోప్ ఎక్కడన్నా సంపాదించేవాళ్లం కదా అక్కా అని. నాన్నకి ఫోన్ చేసి చెప్తే ఆయన కాసేపు ఆలోచించి, "అయితే మన కండ్లల్ల వడ్డ ఎలుగుల గది గూడ ఉన్నట్టే గదా" అన్నాడు. ఉన్నట్టే నాన్నా అన్నాను.

2024 జనవరిలో జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్ 19 స్పైరల్ గెలాక్సీల ఫోటోలు ఒకేసారి వదిలింది, అందులో ఇదీ ఉంది. ఈసారి ఫోన్‌లోనే రెండు సెకన్లలో లోడ్ అయింది. వెబ్ చూసేది ఇన్‌ఫ్రారెడ్, దుమ్ము వేడికి మెరుస్తుంది అందులో. ప్రింట్ తీయించి నాన్నకి తీసుకెళ్లాను, ఆ గోడ మీద 2005 ప్రింట్ ఇంకా అలాగే ఉంది, అంచులు పచ్చబడ్డాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఇప్పుడు భూతద్దం కావాలి ఆయనకి, ఒక్కో చోటు వేలు పెట్టి చూస్తూ పోయాడు. దాన్లో నల్లగా ఉన్న కాటుక గీతలు దీన్లో నారింజ రంగులో మండుతున్నాయి. దాన్లో మెరిసేవి చాలావరకు దీన్లో వెలిసిపోయాయి.

"ఇది దాని నెగటివ్ బిడ్డా" అన్నాడు.

నేను ఇన్‌ఫ్రారెడ్ గురించి పేజీలు పేజీలు చదివాను, ఎవరూ నాకు ఇంత తేలిగ్గా చెప్పలేదు. పాత ప్రింట్ పక్కనే మేకు కొట్టి దీన్ని కూడా తగిలించాడు, రెండిటికీ మధ్య కొంచెం జాగా వదిలి. అదెందుకు అంటే, బేగంపేట్ ప్లేట్ కాపీ ఎప్పుడన్నా దొరికితే అక్కడ పెట్టడానికట.